గోడ మీది అమ్మ

అనంతగిరిలో కెమెరా కొన్నవాళ్లకి మొదటి శత్రువు తడి. వానలు మొదలైతే మబ్బు కొండ దిగి నేరుగా ఇంట్లోకే వచ్చేస్తుంది. ఆరేసిన బట్టలు రోజుల తరబడి ఆరవు, అగ్గిపుల్ల వెలగదు, లెన్సు లోపల సాలెగూడు లాంటి తెల్లటి పోగులు అల్లుకుంటాయి. ఫంగస్ అంటారు దాన్ని. ఒకసారి పట్టుకుందంటే విశాఖపట్నం తీసుకెళ్లి విప్పించి తుడిపించాలి. దానికయ్యే ఖర్చుకి ఇంకో పాత లెన్సే వచ్చేస్తుంది. అందుకని నా కెమెరా గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ మధ్య ఉంటుంది. ఆ గుళికలు తడి పీల్చి రంగు మారినప్పుడు పెనం మీద సన్నటి సెగకి వేడిచేసి మళ్లీ పోస్తాను. "బియ్యానికి నేని బోగం దీనికి" అంటుంది మా అత్త.

దీన్ని వ్యాపారం అనడానికి నాకే కొంచెం సిగ్గు. ఇంటి ముందు గది, తెల్ల రంగు వేసిన ఒక గోడ, మేకులకి వేలాడే నీలం గుడ్డ, ఒక స్టూలు. డ్వాక్రా సంఘం అప్పుతో ఎవరో వాడి అమ్మేసిన కెమెరా, ఇంకు ట్యాంకు ప్రింటరు, లామినేషన్ మిషను కొన్నాను. 4×6 అంగుళాల కాగితం మీద ఎనిమిది పాస్‌పోర్టు ఫోటోలు పడతాయి, కరెంటుంటే. బడులు తెరిచేటప్పుడు ఆశ్రమ పాఠశాలలో చేరే పిల్లలు వస్తారు. తర్వాత కుల ధ్రువపత్రాలు, ఉపాధి హామీ జాబు కార్డులు, బ్యాంకు ఖాతాలు, పోడు పట్టాల కాగితాలు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం పట్టాని భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వమంది. దాంతో పెళ్లినాడు తప్ప పక్కపక్కన నిలబడని జంటలు నా నీలం గుడ్డ ముందు నిలబడి చెరోవైపుకీ మొహాలు తిప్పుకుంటారు. ఆ ఫోటోలు తీయడం నాకు భలే ఇష్టం.

ఆడవాళ్లు నన్ను వెతుక్కుంటూ రావడానికి కారణం పెద్దదేం కాదు. పైట సర్దుకోమనీ, ముంగురులు వెనక్కి తోసుకోమనీ మగవాడు చెబితే బిగుసుకుపోతారు. నేనైతే లేచి వెళ్లి నా చేత్తోనే సర్దేస్తాను. మేం కొండదొరలం. పల్లె నుంచి వచ్చే ప్రతి మనిషీ ఏదో ఒక వరసకి తగులుతారు, అప్పు కూడా ఆ వరసలోనే పెడతారు.

కడుపు నింపేది ఈ చిన్న ఫోటోలే. నన్ను కుదురుగా ఉండనివ్వనివి పెద్ద ఫోటోలు, పోయినవాళ్లవి.

మనిషి పోయిన రెండో రోజో మూడో రోజో ఇంటివాళ్లు వస్తారు. దినం నాటికి ఫ్రేము కావాలి. చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. పెళ్లి భోజనాల దగ్గర పక్కకి తిరిగుండగా ఫోన్లో తీసింది, ఆధార్ కార్డు, సంఘం మీటింగులో చివరి వరసన సగం తల. ఆ తల కత్తిరించి, పక్కావిడ భుజం చెరిపి, వెనక ఆకాశం రంగు పోసి సిద్ధం చేస్తాను. పెద్ద ప్రింటూ, ఫ్రేమూ శృంగవరపుకోటలో. పని జరుగుతున్నంతసేపూ వాళ్లు నా పక్కనే కూర్చుంటారు. చెవి కమ్మి కనబడాలంటారు. పన్ను ఊడిన సంగతి కనబడకూడదంటారు. ఒకాయన తన తండ్రికి చొక్కా పై బొత్తం పెట్టించమన్నాడు. బతికున్నన్నాళ్లూ ఆ ముసలాయన చొక్కా వేసుకోవడమే తక్కువట.

ఫ్రేము నా బల్ల మీద ఉన్నంతసేపూ అది కాగితం, ఇంకు, గాజు, నాలుగు చెక్కపట్టీలు. దానికి ధర ఉంటుంది, బేరం ఉంటుంది. వాళ్లింటి గోడకెక్కి దండ పడ్డాక దాని ముందు ఎవరూ కాళ్లు చాపరు. పిల్లవాడికి జ్వరమొస్తే దానికి చెప్పుకుంటారు. నా బల్లకీ వాళ్ల గోడకీ మధ్య దానికి ఏం చేరింది? గుళ్లో విగ్రహానికైతే జవాబుంది. స్థపతి రాయంతా చెక్కి చివర్లో కళ్లు తెరుస్తాడు, నేత్రోన్మీలనం. ఆ తర్వాత మంత్రం, ప్రాణప్రతిష్ఠ. అంతవరకు రాయి, అక్కణ్నుంచి దేవుడు. నా ఫ్రేములకి మంత్రం లేదు, ముహూర్తం లేదు. ఎవరో ఒక బంతిపూల దండ తెచ్చి మేకుకి తగిలిస్తారు, అంతే. అయినా అది కాగితం కాకుండా పోతుంది.

ఈ సందేహం ఊరికే ఉండేదేమో, ఆ అన్నదమ్ములు రాకపోతే.

మా మండలంలోనే ఒక పల్లె, పేరు ఎందుకులెండి. పెద్దాయన ఊరి దేవతలకి మొక్కేవాడు, చిన్నాయన చర్చికి వెళతాడు. వాళ్లమ్మ జీవితమంతా ఊరి పండగల్లో ముందు నడిచిన మనిషి. చివరి కొన్నేళ్లు చిన్నకొడుకు దగ్గర ఉండి బాప్తిస్మం తీసుకుంది, బొట్టు మానేసింది. ఆమె పోయాక దొరికిన మంచి ఫోటో ఒకటే, డ్వాక్రా మీటింగులోది. అందులో నుదురు ఖాళీ. చెరో ఫ్రేము కావాలని ఇద్దరూ కలిసే వచ్చారు. చిన్నాయనకి ఉన్నదున్నట్టు చాలు. పెద్దాయన బొట్టు పెట్టమన్నాడు.

"ఒక్క సుక్క. నీకేటి పోద్దమ్మా?" అన్నాడు.

నాకేం పోదు. కంప్యూటర్లో అది అర నిమిషం పని. అంతకుముందు ఎన్ని చేయలేదు? నెరిసిన జుట్టు నల్లగా చేశాను, నేత చీరని పట్టుచీర చేశాను. అందరూ అడిగేది, నేను ఒప్పుకోనిది ఒకటుంది, మొహం తెల్లగా చేయమనడం. వెలుతురు తక్కువై నల్లబడితే సరిచేస్తాను, అంతకుమించి చేయను. ఆ నలుపు ఆవిడ సొంతం. ఇలా నాకు తోచిన గీతలు నేను గీసుకుని పని చేసుకుంటున్నాను. ఈ చుక్క దగ్గర ఆ గీతలేవీ పనికి రాలేదు. తమ్ముడు ఏమీ అనలేదు, నా చేతి వైపే చూస్తూ కూర్చున్నాడు.

పెద్దాయన మాట కొట్టిపారేసేది కాదు. "అరవయ్యేళ్లు బొట్టుతో ఉండినాది. నాలుగేళ్లు నేకుండా ఉండినాది. అందులో మాయమ్మ ఏదమ్మా?" ఫోటో అబద్ధం చెప్పదంటారు. ఒక మధ్యాహ్నం మీటింగులో సెకనులో ఏ వందో వంతో తెరుచుకున్న షట్టరు, అరవై ఏళ్ల మీద సాక్ష్యం ఎలా చెబుతుంది? తమ్ముడి వైపు నుంచి చెప్పాల్సిన మాట అతను చెప్పలేదు గానీ నాకు తెలుసు, మా చుట్టాల్లో సగంమంది చర్చివాళ్లే. బాప్తిస్మం అంటే వాళ్ల విశ్వాసంలో పాత మనిషి చనిపోయి కొత్త మనిషి లేవడం. ఆ లెక్కన బొట్టున్నావిడ నీళ్లలో మునిగిననాడే వెళ్లిపోయింది, ఇప్పుడు పోయినది ఇంకొకావిడ. అన్నది ఏళ్ల లెక్క, తమ్ముడిది ఆమె ఏం కోరుకుందన్న లెక్క. రేపు రమ్మని ఇద్దర్నీ పంపేశాను.

ఆ రాత్రి నాకు మొదట తట్టింది ఇది. గొడవంతా మొహంతోనే కదా, మా కొండ దేవుళ్లకి మొహాలే లేవు. చెట్టు కింద రాయి శంకుదేవుడు. ఇటుకల పండగకి మేం మొక్కేది రాళ్లకి, విత్తనాలకి. గదబ పల్లెల్లో పోయినవాళ్ల పేరున రాయి నిలబెడతారు, ఆ రాయికి తాత పోలిక వచ్చిందా అని ఎవరూ అడగరు. మా మండలంలోని బొర్రా గుహల్లో శివరాత్రికి జనం బారులు తీరే లింగాన్ని ఏ శిల్పీ చెక్కలేదు. పైకప్పు సున్నపురాయిలోంచి నీటిబొట్టు వెంట నీటిబొట్టు రాలి, బొట్టుకింత సున్నం పేరుకుని, వేల ఏళ్లకి అంత ఎత్తు లేచింది. మేపుతున్న ఆవు పైనున్న కన్నంలోంచి లోపల పడి బతికిందనీ, దాన్ని వెతుక్కుంటూ దిగిన కాపరికి లింగం కనబడిందనీ కథ. గోస్తనీ నది అక్కడే పుట్టిందంటారు. సున్నం సంగతి తెలిసినవాడు కూడా చెప్పులు విడిచే నిలబడతాడు. ఆ రాయి ఫలానావాళ్లలా ఉందని ఎవరూ మాటివ్వలేదు కనక, సైన్సు వచ్చి భంగం చేయడానికి అక్కడేమీ లేదు.

కొండ దిగితే సింహాచలం. అక్కడ స్వామికి రూపం ఉంది, ఏడాది పొడుగునా చందనం కింద ఉంటుంది. వైశాఖ శుద్ధ తదియ ఒక్కరోజే నిజరూప దర్శనం. మిగతా అన్ని రోజులూ మా అత్త మొక్కి వచ్చేది చందనపు ముద్దకే, ఆమెకి అందులో ఏ కొరతా కనబడలేదు. ఇటు ఒడిశా వైపు పూరీ జగన్నాథుడిది వేపచెక్క దేహం. ఆషాఢం అధికమాసంగా వచ్చిన ఏడాది కొత్త దేహాలు చేసి పాతవాటిని కోయిలి వైకుంఠంలో పాతిపెడతారు. 2015లో అలాగే జరిగింది. పాత దేహంలోని బ్రహ్మపదార్థాన్ని కొత్తదానిలోకి మార్చే దయితాపతులు కళ్లకి గంతలు కట్టుకుంటారు, చేతులకి గుడ్డ చుట్టుకుంటారు. వాళ్లు శబరుడైన విశ్వావసు వంశంవాళ్లని చెబుతారు, అంటే మొదటికి వెళితే కొండవాళ్లే. ఆ పని చేసేవాడే దాన్ని చూడకూడదు. నాకున్న పని చూడటం ఒక్కటే, అందుకని ఈ సంగతి నాకు ఎప్పుడూ కొంచెం భయంగా ఉంటుంది.

డిగ్రీలో మాకు తెలుగు చెప్పిన మాస్టారు శ్రీవైష్ణవులు. పాఠం పక్కన పెట్టేసి ఒకసారి గంటంతా రామానుజుల సంప్రదాయం చెప్పారు. భగవంతుడికి పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చ అని ఐదు స్థితులు. అందరికీ పైనున్నవాడు చిట్టచివరికి అర్చామూర్తిగా, మనం కడిగి తుడిచే విగ్రహంగా ఉండటానికి ఒప్పుకున్నాడట. భక్తుడు ఏ రూపం కోరితే ఆ రూపం, ఏ పేరు పెడితే ఆ పేరు. రాయిలో ఉండమంటే రాయి, కర్రలో ఉండమంటే కర్ర. నీళ్లు పోస్తే స్నానం చేస్తాడు, జోల పాడితే పడుకుంటాడు. ఆ లొంగుబాటే ఆయన గొప్పతనమని చెప్పారు. అప్పట్లో నేను పరీక్షకి వస్తుందా రాదా అని మాత్రమే చూసుకున్నాను.

ఇప్పుడు దాంట్లోంచి నాకు కావలసింది దొరికింది. దేవుడు ఒప్పుకున్నాడు. అందుకే రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చు యంత్రాలు పెట్టించి లక్ష్మికీ సరస్వతికీ మనుషుల పోలికలిచ్చినా అవి ఊరూరా పూజ గదుల్లోకి వెళ్లాయి. 1957లో మాయాబజార్ వచ్చాక తెలుగువాళ్లకి కృష్ణుడంటే ఎన్టీ రామారావు మొహమే. కృష్ణుడికి పోయిందేమీ లేదు. మా జిల్లాకి 2022లో పేరైన అల్లూరి సీతారామరాజు విషయంలో మాత్రం నాకు కొంచెం గుచ్చుకుంటుంది. ఆయన 1924 మే 7న చనిపోయాడు. యాభై ఏళ్లకి, 1974లో, సినిమా వచ్చింది. మా వైపు పిల్లల్ని ఆయన బొమ్మ గీయమంటే గీసేది ఆ సినిమాలోని హీరో కృష్ణని. వీరుడికి సొంత మొహం ఒకటి ఉండేది కదా. ఇంక ఇంట్లో అమ్మ దగ్గరికి వస్తే ఆ వెసులుబాటు బొత్తిగా లేదు. అమ్మ ఏ రూపంలోనైనా ఉంటానని ఎవరికీ మాటివ్వలేదు. పైగా ఈ అమ్మ నుదుటి మీద ఏముండకూడదో బతికుండగానే తేల్చి చెప్పింది.

పట్టుచీరకీ బొట్టుకీ తేడా కూడా అక్కడే తెలిసింది నాకు. పట్టుచీర ఆమెకి లేనిది. బొట్టు ఆమె వద్దనుకున్నది. లేనిది ఇస్తే ఇంటివాళ్ల ముచ్చట. వద్దనుకున్నది పెడితే ఆమె నోరు మూయడమే.

మా ఆయన ఇదంతా విని, "పోయినామెకి ఏం తెలుస్తాది? బొమ్మ ఉన్నోళ్ల కోసమే కదా, పెట్టి పంపేయ్" అన్నాడు. చాలామంది చదువుకున్నవాళ్లు కూడా ఇదే అంటారు. వినడానికి పెద్దమనిషి తరహాగా ఉంటుంది. కానీ బొట్టు అడిగేది ఆ మాట నమ్మనివాడు. పెద్దాయన ఆ ఫోటో ముందు నిలబడి అమ్మతో మాట్లాడతాడు, ఆమె వింటుందనే మాట్లాడతాడు. వింటుందని నమ్మినవాడు ఆమెని అడక్కుండా నుదురు మార్చకూడదు. వినదని నమ్మినవాడికి మార్చాల్సిన అవసరమే లేదు. ఎటునుంచి చూసినా బొట్టు పెట్టడానికి నాకు దారి దొరకలేదు.

మర్నాడు పెద్దాయనతో ఇదే చెప్పాను. "అమ్మ ఇంటాదనే కదా మావా దండం పెడతావు?" అన్నాను. "ఇంటాది గాబట్టే పెడతాను" అన్నాడు. "అయితే ఆమెని అడగకుండా నేను పెట్టలేను." కోపం వచ్చింది. లేచి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "మరి నా అమ్మ?" అన్నాడు.

ఆ ప్రశ్న న్యాయమైంది. అరవై ఏళ్లు అబద్ధం కాదు. బొట్టుతో ఉన్నప్పటి ఫోటో ఎక్కడైనా ఉందేమో వెతకమన్నాను. పెట్టెలన్నీ తీసి పాత రేషన్ కార్డు తెచ్చాడు. ఆ రోజుల్లో కుటుంబం మొత్తాన్ని వరసగా నిలబెట్టి తీసిన ఫోటో కార్డు మీద ఉండేది. అందులో ఆమె తల గోటి కొసంత. స్కాన్ చేసి పెంచితే మొహం చుక్కలు చుక్కలుగా విడిపోయింది. కళ్లు తేలలేదు. బొట్టు మాత్రం తెలుస్తోంది, నల్లటి మచ్చగా. ఇప్పుడు ఫోన్లలో వచ్చిన యాప్‌లకి ఈ ఫోటో ఇస్తే క్షణంలో చక్కటి కళ్లు, మెరిసే చర్మం వేసి ఇస్తాయి. ఆ కళ్లు ఆమెవి కావు, ఎవరెవరి మొహాలో చూసి యంత్రం ఊహించినవి. నేను దానికి ఇవ్వలేదు. 6×8 దాటి పెంచనూ లేదు. "ఇంతే వస్తాది మావా" అన్నాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూసి, "ఇదే" అని పట్టుకెళ్లాడు. దానికి సగం ధరే తీసుకున్నాను. తమ్ముడి దగ్గర పూర్తిగా.

తమ్ముడి ఇంట్లో ఫ్రేముకి దండ లేదు, అగరొత్తి లేదు. బొమ్మలకి మొక్కకూడదన్నది వాళ్లకి ఆజ్ఞ, కనక అది జ్ఞాపకం వరకే. అన్న ఇంట్లో బంతిపూలు, దీపం. ఒక గోడ మీద తేటగా ఉన్న అమ్మకి ఎవరూ మొక్కరు, ఇంకో గోడ మీద మసకగా ఉన్న అమ్మకి రోజూ పూజ. పూజకి పోలిక అక్కర్లేదని సింహాచలం చందనం చెప్పిందే ఆ పల్లెలోనూ రుజువైంది.

బతికున్నవాళ్ల మొహాల సంగతి ఇంతకంటే అన్యాయం. చలికాలం మొదట్లో మా వైపు వలిసె చేలు పచ్చగా పూస్తాయి. కార్లలోనూ, 2017 నుంచి అద్దాల పైకప్పున్న రైలు పెట్టెలోనూ జనం కొండెక్కుతారు. చేలో దిగి ఫోటో తీసుకుంటే మనిషికి పదో ఇరవయ్యో రైతులు తీసుకుంటారు. ఇదేం దోపిడీ అని కొందరు మూతి ముడుస్తారు. తొక్కిన చోట గింజ పట్టదని వాళ్లకి ఎవరు చెబుతారు? నేను రైతు పక్షమే. నా ఫిర్యాదు వేరే. పువ్వుకి డబ్బు అడగడం నేర్చుకున్నాం గానీ మొహానికి మాట అడిగించుకోవడం నేర్చుకోలేదు. సంతలో ముక్కుకి మూడు కమ్ములున్న ముసలమ్మ మీదికి మూరెడు లెన్సు గురిపెట్టి, నాలుగు తీసుకుని, నమస్కారమైనా పెట్టకుండా వెళ్లిపోతారు. ఆ బొమ్మ ఏ గోడకెక్కుతుందో ఆమెకి తెలియదు.

ఇది ఇవాళ్టిది కాదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్, రంగాచారి సాయంతో 1909లో దక్షిణాది కులాల మీద, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. మా విశాఖ ఏజెన్సీ తెగలూ అందులో ఉన్నాయి. ఆయన మనుషుల తలలు, ముక్కులు కొలిచి రాసుకున్నవాడు. అలాంటి పుస్తకాల్లో బొమ్మ కింద తెగ పేరుంటుంది, మనిషి పేరుండదు. ఆమెకి మనవలుంటే వాళ్ల గోడ మీద ఉండాల్సిన ఫోటో అది. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970 నాటి ఒకటి బై డెబ్బై చట్టం ఉంది. మా అనంతగిరి మండలంలోని నిమ్మలపాడు, బొర్రా వైపు గనుల లీజుల మీదే సమత సంస్థ కోర్టుకెక్కి 1997లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచింది. సెంటు భూమి కోసం అంత పోరాటం జరిగిన చోట మొహం మాత్రం ఊరికే కొండ దిగిపోతోంది.

కొండవాళ్లకి కెమెరా అంటే భయం, ఆయుష్షు తగ్గుతుందనుకుంటారు అని వచ్చినవాళ్లు నవ్వుతూ నాతోనే అంటుంటారు. ఆ నమ్మకం మైదానపు ముసలమ్మలకీ ఉండేది. మా పెద్దల జంకు వేరు. ఫోటో ఏ కాగితానికి అంటుకుంటుందో, ఆ కాగితం ఏ ఆఫీసుకి పోతుందో అని వాళ్ల అనుమానం. అది మూఢనమ్మకం అని నేననను.

ఫోటోయే లేకుండా పోయినవాళ్లు ఇంకా ఉన్నారు. ఒక ఇంటివాళ్లు అమ్మమ్మ పోయాక ఆమె చెల్లెల్ని వెంటపెట్టుకొచ్చారు. ఇద్దరిదీ ఒకటే పోలిక, ఈమెని తీసి అమ్మమ్మ పేరు రాసెయ్యమన్నారు. చెల్లెలు స్టూలు మీద కూర్చుని కొంగు సర్దుకుంది కూడా. "బతికున్న మనిషి మొహానికి దండేయిస్తావా పెద్దమ్మా?" అన్నాను. ఆమె గబుక్కున లేచి నిలబడింది.

వాళ్లకి నేను అమరావతి స్తూపం సంగతి చెప్పబోయాను. తొలినాటి పలకల మీద బుద్ధుడి మొహం ఉండదు. ఖాళీ ఆసనం, పాదాల గుర్తులు, చెట్టు, చుట్టూ మొక్కుతున్న జనం. చేతకాక కాదు, ఆ జనంలో ఒక్కొక్కరి మొహం విడివిడిగా చెక్కిన శిల్పులు వాళ్లు. ఎందుకలా చేశారో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నాకు మాత్రం ఆ ఖాళీ ఆసనం చాలా నిజాయితీగా కనబడుతుంది. అమ్మమ్మ కూర్చునే పీట, ఆమె ముక్కు కమ్ములు తెస్తే మంచి వెలుతురులో తీసి ఇస్తానన్నాను. "పీటకి దండం పెట్టమంటావేటి?" అని వెళ్లిపోయారు. రాయికి పెట్టేవాళ్లే, పీటకి పెట్టలేకపోయారు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియలేదు. కొండ దిగి, ఎవరి చేతో చెల్లెలి ఫోటోని యాప్‌లో కొంచెం మార్పించి ఫ్రేము కట్టించుకున్నారు.

ఆ ఇంటికి వెళ్లినప్పుడు నేనూ దానికి దండం పెట్టాను. వాళ్లు అమ్మమ్మా అని పిలిచి మొక్కుతున్నారు. రాయికి మొక్కితే చేరుతుందని పెరిగినదాన్ని, ఆ పిలుపు ఆమెకి అందదని ఏ మొహంతో అంటాను? అయినా మళ్లీ ఎవరైనా అలాంటి బొమ్మ చేయమంటే చేయను. మొక్కడం వాళ్ల పని, పోలిక నా పని. ఈ రెండూ పొసగవని మా ఆయన అంటాడు. పొసగకపోతే పోనీ.

ఇంట్లోంచి ఈ పని మొదలుపెడదామనుకునే ఆడపిల్లలు ఏ కెమెరా కొనాలని నన్ను అడుగుతుంటారు. ఎవరో వాడిందైనా చాలు. ధర గోడ మీద రాసిపెట్టండి, లేకపోతే వరసలు కలిపేవాళ్లకి బేరం అంతుండదు. ఇంకొక్కటి చేయండి. ముసలివాళ్లు పింఛను కోసమో బ్యాంకు కోసమో పాస్‌పోర్టు ఫోటోకి వచ్చినప్పుడు, ఆ పనయ్యాక వాళ్లని అక్కడే కూర్చోబెట్టి ఇంకొకటి తీయండి. బొట్టు ఉంచుకుంటారా, తుడుచుకుంటారా, ఏ కమ్మి, ఏ చీర, నవ్వుతారా నవ్వరా, అన్నీ వాళ్లనే అడగండి. పేరు, ఊరు, తేదీ రాసి ఫైలు దాచండి, చెరపకండి. ఆ ఫోటోకి నేను డబ్బు తీసుకోను, మీరూ తీసుకోకండి.